రాజా దీన్ దయాళ్

రాజా దీన్ దయాళ్ (1844 - 1905) పంతొమ్మిదవ శతాబ్దపు భారతదేశంలో మిక్కిలి ప్రసిద్ధి గాంచిన ఛాయాచిత్రకారుడు. ఈయనను లాలా దీన్ దయాళ్ అని కూడా పిలుస్తారు. ఉత్తర భారతదేశంలో జన్మించి, మధ్య భారతంలో ప్రభుత్వోద్యోగం చేసి, జీవితంలోని ప్రధాన భాగాన్ని హైదరాబాదు సంస్థానంలో గడిపాడు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందాడు. ఇండోర్, సికింద్రాబాదు, బొంబాయి నగరాలలో స్టూడియోలు నెలకొల్పాడు.

కోటలు, దేవాలయాలు, రాజభవనాలు, వేటలు, సైనిక విన్యాసాలు, ప్రభువుల రూపచిత్రాలు ఈయన తీసిన ఛాయాచిత్రాలలో ముఖ్యమైనవి. వీటితోపాటు నిజాము కాలపు భోజనశాలల చిత్రాలు, అదే సంస్థానంలో కరువు బారిన పడిన ప్రజల చిత్రాలు కూడా ఈయన సంస్థ నుండి వెలువడ్డాయి. ఒకే రాజ్యంలోని విందును, ఆకలిని చిత్రాలుగా మిగిల్చిన సంస్థ కనుక, తెలంగాణ సామాజిక చరిత్రను చదువుకొనేవారికి దీన్ దయాళ్ చిత్రాలు విలువైన ఆధారాలు.

బాల్యము, విద్యాభ్యాసము

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్ధనా పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలో ఉన్నది. వీరిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. అయితే దీన్ దయాళ్ కులవృత్తిలోకి వెళ్ళక సాంకేతిక విద్య వైపు మొగ్గు చూపాడు. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1866లో అక్కడ శిక్షణ ముగించుకొన్నాడు. ఈ కళాశాలయే కాలక్రమంలో రూర్కీ విశ్వవిద్యాలయంగా, 2001లో ఐ.ఐ.టి. రూర్కీగా రూపాంతరం చెందింది.

రూర్కీలో నేర్చిన కొలతలు, నక్షాలు, కట్టడాల నిర్మాణ పరిజ్ఞానం తరువాతి కాలంలో ఈయన ఛాయాచిత్రాలలో స్పష్టంగా కనిపిస్తాయి. ఒక భవనాన్ని ఏ కోణం నుండి చూస్తే దాని నిష్పత్తులు చక్కగా తెలుస్తాయో, నిలువు గీతలు వంగకుండా కెమెరాను ఎలా నిలపాలో ఇంజనీరుగా శిక్షణ పొందిన వ్యక్తికి సులభంగా బోధపడుతుంది.

ఇండోర్ కొలువు

1866లోనే దీన్ దయాళ్ ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ సచివాలయంలో అంచనాలు వేసే ఉద్యోగిగా, నక్షాలు గీసే చిత్తరువుకారుడిగా చేరాడు. ఈ ఇండోర్ ప్రస్తుతం మధ్య ప్రదేశ్‌లో ఉన్న నగరం. నిజామాబాదు పట్టణానికి పూర్వనామమైన ఇందూరుతో దీనికి సంబంధం లేదు.

ఉద్యోగం చేస్తూనే 1870ల మధ్యకాలంలో ఈయన ఛాయాగ్రహణం అభ్యసించాడు. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఈయనకు మొదటి పోషకుడు. మహారాజు ద్వారా, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా 1871 నుండి 1881 వరకు పనిచేసిన సర్ హెన్రీ డేలీతో పరిచయం ఏర్పడింది. వీరిద్దరి ప్రోత్సాహంతో ఈయన ఇండోర్‌లో స్టూడియో ప్రారంభించాడు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినపుడు ఆ సందర్భపు చిత్రాలు తీసే అవకాశం కూడా లభించింది.

డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ పురాతన కట్టడాలపై ఆసక్తి గల అధికారి. 1880ల ఆరంభంలో ఆయన బుందేల్‌ఖండ్ ప్రాంతంలో పర్యటించినపుడు దీన్ దయాళ్‌ను వెంట తీసుకొని వెళ్ళాడు. గ్వాలియర్, ఖజురహో, సాంచి, ఓర్ఛా, దతియా వంటి చోట్ల ఉన్న కట్టడాలను దీన్ దయాళ్ చిత్రాలు తీశాడు. వీటిలో 86 చిత్రాలతో, మధ్య భారతంలోని ప్రసిద్ధ కట్టడాల గురించి గ్రిఫిన్ వెలువరించిన సంపుటి 1886లో లండన్‌లో ప్రచురితమైంది. ఈ సంపుటితో దీన్ దయాళ్ పేరు ఇంగ్లండులో కూడా తెలిసింది. కొద్దికాలానికే ఈయన ప్రభుత్వోద్యోగం విడిచి ఛాయాగ్రహణాన్నే పూర్తి జీవనోపాధిగా స్వీకరించాడు.

హైదరాబాదు రాక

1885 సంవత్సరం దీన్ దయాళ్ జీవితంలో మలుపుగా చెప్పవచ్చు. ఆ సంవత్సరమే ఈయన వైస్రాయ్ లార్డ్ డఫ్రిన్‌కు ఛాయాచిత్రకారుడిగా నియమితుడయ్యాడు. దాదాపు అదే సమయంలో హైదరాబాదు నిజాము ఆస్థానంతో సంబంధం ఏర్పడింది. 1886లో సికింద్రాబాదులో స్టూడియో ప్రారంభమైంది. ఈ ఊరి ఎంపిక కూడా ఆలోచించదగినదే. సికింద్రాబాదు బ్రిటిషు సైన్యపు దండు ఉన్న పట్టణం. అక్కడి సైనికాధికారులు, వారి కుటుంబాలు ఒక వైపు, హుస్సేన్ సాగర్‌కు అవతల హైదరాబాదు నగరంలోని నవాబులు, జాగీర్దారులు మరొక వైపు స్టూడియోకు ఖాతాదారులయ్యారు.

మహబూబ్ అలీ ఖాన్ 1866లో జన్మించి, 1869లో పసితనంలోనే సింహాసనానికి వచ్చి, 1884లో పూర్తి అధికారాలు చేపట్టాడు. 1911లో మరణించేవరకు పాలించాడు. వైస్రాయ్‌లు, ఐరోపా రాకుమారులు హైదరాబాదు వచ్చిపోతుండేవారు. ప్రతి రాకకూ స్వాగతం, ఊరేగింపు, సైనిక కవాతు, వేట, విందు జరిగేవి. ఇవన్నీ అయిపోయిన తరువాత అతిథికి జ్ఞాపకంగా ఒక ఛాయాచిత్రాల ఆల్బం బహూకరించేవారు. ఈ ఆల్బంలను తయారుచేయడం దీన్ దయాళ్ సంస్థకు ముఖ్యమైన పనిగా మారింది. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వచ్చినపుడు, 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వచ్చినపుడు తీసిన చిత్రాలు వీటిలో ప్రసిద్ధమైనవి. కర్జన్ దంపతులు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద తాము వేటాడిన పులితో దిగిన చిత్రం నేటికీ తరచుగా ప్రచురితమవుతుంటుంది.

1894లో నిజాము ఈయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రదానం చేశాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. జంగ్ అనగా యుద్ధము. హైదరాబాదు ఆస్థానంలో సేనానులకు, మంత్రులకు ఇచ్చే జంగ్ బిరుదు ఒక ఛాయాచిత్రకారునికి దక్కడం విశేషం. సాలార్ జంగ్ వంటి మంత్రుల పేర్లలో వినిపించే మాటయే ఇది. కెమెరా పట్టినవాడిని ఆస్థానం ఎంతగా గౌరవించినదో దీనివలన తెలుస్తుంది.

విందు బల్లల చిత్రాలు

హైదరాబాదు ప్రభువుల ఇళ్ళలో ఆ రోజులలో రెండు రకాల భోజన పద్ధతులు ఉండేవి. మొదటిది దస్తర్‌ఖాన్. అనగా నేలపై తివాచీ మీద పొడవైన వస్త్రం పరచి, దాని మీద వంటకాలు ఉంచి, చుట్టూ కూర్చుని భుజించడం. రెండవది ఐరోపా పద్ధతిలో బల్లలు, కుర్చీలు, కత్తులు, చెంచాలతో సాగే విందు. బ్రిటిషు అతిథులు వచ్చినపుడు రెండవ పద్ధతినే పాటించేవారు. పాయెగా నవాబులైన సర్ ఆస్మాన్ జా, సర్ వికార్ ఉల్ ఉమ్రా వంటివారు ఇందుకోసం తమ భవనాలలో విశాలమైన భోజనశాలలు కట్టించారు. వీరిద్దరూ వేర్వేరు కాలాలలో హైదరాబాదు ప్రధానమంత్రులుగా కూడా పనిచేశారు.

ఆస్మాన్ జా నిర్మించిన బషీర్ బాగ్ ప్యాలెస్ లోపలి గదులను దీన్ దయాళ్ చిత్రాలు తీశాడు. వాటిలో భోజనశాల చిత్రం కూడా ఉన్నది. బషీర్ బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆ పేరు మాత్రం హైదరాబాదులో ఒక పేటగా మిగిలింది. అందుచేత ఆ భవనపు లోపలి అమరికను తెలిసికొనడానికి ఈ చిత్రాలే ముఖ్యమైన ఆధారం. వికార్ ఉల్ ఉమ్రా 1884లో శంకుస్థాపన చేసి నిర్మించిన ఫలక్‌నుమా ప్యాలెస్ కూడా దీన్ దయాళ్ కెమెరాకు ఎక్కినది. నూరుమందికి పైగా ఒకేసారి కూర్చుని భోజనం చేయగల అక్కడి పొడవైన బల్ల ప్రసిద్ధమైనది. ఈ భవనం తరువాత నిజాము స్వాధీనమైంది. 2010 నుండి ఇది తాజ్ సంస్థ నిర్వహణలో హోటలుగా ఉన్నది.

ఆ కాలపు భోజనశాలల చిత్రాలను చూసే నేటి పాఠకుడు ఒక విషయం గమనించవలసి ఉంటుంది. వాటిలో నోరూరించేది వంటకం కాదు, బల్ల. తెల్లని వస్త్రం, వరుసగా పేర్చిన గాజు పాత్రలు, వెండి సామాను, మధ్యలో పూలు, పళ్ళ పళ్ళెములు, పైన వ్రేలాడే దీపపు గుత్తులు మన దృష్టిని ఆకర్షిస్తాయి. కుర్చీలు తరచుగా ఖాళీగా ఉంటాయి. హైదరాబాదు అనగానే గుర్తుకు వచ్చే బిరియాని, హలీం, కబాబుల వంటివి ఈ చిత్రాలకు విషయం కావు. దీనికి కారణం ఛాయాచిత్రకారుని అభిరుచి మాత్రమే కాదు. ఆనాటి సాంకేతిక పరిమితులు కూడా ముఖ్య కారణమే.

ఆనాటి సాంకేతిక పద్ధతి

దీన్ దయాళ్ వృత్తిలోకి ప్రవేశించిన కాలంలో తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉండేది. గాజు పలకకు కొలోడియన్ ద్రావణం పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో ఉంచి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలో దానిని కడగాలి. వేసవి ఎండలలో పలక త్వరగా ఆరిపోయేది. 1871లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ లీచ్ మాడక్స్ జిలాటిన్ పూసిన పొడి పలకను ప్రతిపాదించాడు. 1880 ప్రాంతానికి ఇవి అంగడిలో తయారుగా దొరకసాగాయి. పొడి పలకలను ముందుగా తెచ్చి ఉంచుకొని, చిత్రం తీసిన తరువాత తీరికగా కడుగుకొనవచ్చు. దూరపు శిబిరాలలో, వేటలలో పనిచేసే ఛాయాచిత్రకారునికి ఇది గొప్ప సౌకర్యం.

చిత్రాన్ని కాగితంపై ముద్రించడానికి ఎక్కువగా ఆల్బుమెన్ కాగితం వాడేవారు. ఈ కాగితంపై పూత కోడిగ్రుడ్డులోని తెల్లసొనతో తయారవుతుంది. జిలాటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుండి లభిస్తుంది. ఈ విధంగా ఛాయాచిత్రానికి కావలసిన ముఖ్య పదార్థాలలో రెండు వంటింటిలో కూడా వాడేవే. గాజు పలకను కాగితానికి ఆనించి ఎండలో ఉంచితే, పలక ఎంత ఉంటే అంత చిత్రం ముద్రితమయ్యేది. పెద్ద చిత్రం కావాలంటే పెద్ద పలక, పెద్ద కెమెరా వాడవలసి వచ్చేది.

ఆహారాన్ని ఆకర్షణీయంగా చూపడానికి ఈ పద్ధతిలో మూడు అడ్డంకులు ఉండేవి.

మొదటిది రంగు. ఆనాటి సాధారణ గాజు పలకలు నీలి కాంతికి బాగా స్పందించేవి, ఎరుపు, పసుపు కాంతులకు స్పందించేవి కావు. నీలి ఆకాశం తెల్లగా, ఎర్రని వస్తువు నల్లగా పడేది. కుంకుమపువ్వు కలిపిన అన్నం, కారం వేసిన కూర, వేయించిన మాంసం అన్నీ ముదురు మచ్చలుగా కనిపించేవి. 1880ల నుండి ఆకుపచ్చ, పసుపు రంగులను కొంతవరకు గ్రహించే పలకలు అమ్మకానికి వచ్చినా, ఎరుపు సమస్య అలాగే ఉండిపోయింది. అన్ని రంగులకు స్పందించే పలకలు 1906లో గాని అంగడిలోకి రాలేదు. దీనికి భిన్నంగా తెల్లని వస్త్రం, వెండి, గాజు చక్కగా పడేవి. బల్ల అలంకరణ అందంగా, వంటకం అందవికారంగా కనిపించడానికి ఇదే మూలం.

రెండవది కాలం. గది లోపల కిటికీల వెలుతురుతో చిత్రం తీయాలంటే కెమెరా కన్నును కొన్ని సెకన్లు, ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషాలు తెరచి ఉంచవలసి వచ్చేది. తినే మనిషి కదులుతాడు. వడ్డించేవాడు నడుస్తాడు. పైకి లేచే ఆవిరి చెదిరి మసకగా మారుతుంది. కనుక అతిథులు రాకముందు, బల్ల సిద్ధం చేసిన తరువాత చిత్రం తీయడమే అనువైన పద్ధతి. 1887లో జర్మనీలో మెగ్నీషియం మెరుపు పొడి కనుగొన్నారు గాని, దానివలన వచ్చే పొగ, నిప్పు భయం కారణంగా రాజభవనపు విందులో దానిని వాడడం తేలికైన పని కాదు.

మూడవది అలవాటు. వంటకాన్నే ప్రధాన విషయంగా తీసుకొని, చూసేవారికి ఆకలి పుట్టించడానికి చిత్రం తీయడమనే ఆలోచన అప్పటికి బలపడలేదు. అయితే బల్లమీది వస్తువులను చిత్రించడం ఛాయాగ్రహణం పుట్టుకతోనే మొదలైంది. ఫ్రాన్సు దేశస్థుడు నిసెఫోర్ నియెప్స్ సిద్ధం చేసిన బల్లను చిత్రించినట్లు చరిత్రకారులు చెబుతారు. ఇంగ్లండులో రోజర్ ఫెంటన్ 1860లో పళ్ళు, పూలు అమర్చి తీసిన చిత్రాలు ప్రసిద్ధమైనవి. ఇవి తైలవర్ణ చిత్రకారుల సంప్రదాయాన్ని అనుసరించినవి. రంగుల ఛాయాచిత్రాన్ని సామాన్య వినియోగంలోకి తెచ్చిన ఆటోక్రోమ్ పలకలను లూమియేర్ సోదరులు 1907లో అమ్మకానికి పెట్టారు. అప్పటికి దీన్ దయాళ్ మరణించి రెండేళ్ళయింది.

ఈ పరిమితులలో దీన్ దయాళ్ నేర్పు వెలుతురును మలచుకోవడంలో కనిపిస్తుంది. గాజు, వెండి వంటి మెరిసే వస్తువుల మీద నేరుగా ఎండ పడితే తెల్లని మచ్చలు ఏర్పడతాయి. ప్రక్కనుండి వచ్చే మెత్తని వెలుతురులో వాటి ఆకారం, అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. నేడు హోటళ్ళ కోసం ఆహారపు చిత్రాలు తీసేవారు కూడా పళ్ళెమునకు ప్రక్కనుండి గాని, వెనుకనుండి గాని వెలుతురు పడేటట్లు చూసుకొంటారు. పరికరాలు మారినా సూత్రం అదే.

జనానా స్టూడియో

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో ప్రారంభించాడు. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చుని చిత్రం తీయించుకోవడం ఆ రోజులలో సాధ్యం కాదు. అందుచేత ఎత్తైన గోడల మధ్య ఏర్పాటు చేసిన ఈ స్టూడియోను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ నిర్వహించేది. చిత్రం తీసేది కూడా మహిళయే కావడంతో నవాబుల కుటుంబాలలోని స్త్రీలు తమ చిత్రాలు తీయించుకోగలిగారు. భారతదేశంలో మహిళల కోసం వెలసిన తొలి స్టూడియోలలో ఇది ఒకటి.

కరువు చిత్రాలు

పంతొమ్మిదవ శతాబ్దం ముగింపులో దక్కను పీఠభూమిని వరుసగా కరువులు పీడించాయి. 1896-97లో ఒకసారి, 1899లో వర్షాలు విఫలమైన కారణంగా 1899-1900లో మరొకసారి పశ్చిమ, మధ్య భారతదేశమంతటా తీవ్రమైన కరువు సంభవించింది. అప్పటి హైదరాబాదు సంస్థానంలో తెలుగు జిల్లాలతోపాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా ఉండేవి. ప్రస్తుతం కామారెడ్డి జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ వంటి ఊళ్ళకు ఆనాడు అటువైపు రాష్ట్ర సరిహద్దు లేదు. రెండు భాషలు కలిసే ఆ ప్రాంతం, దానికి అవతలి నాందేడ్, పర్భణి, ఔరంగాబాదు ఒకే ప్రభువు ఏలుబడిలో ఉండేవి. 1956లో రాష్ట్రాల పునర్విభజన వరకు ఈ సంస్థానపు భూభాగం కలిసే ఉన్నది.

సంస్థానంలోని మరాఠ్వాడా ప్రాంతం 1899-1900 కరువులో దెబ్బతిన్నది. నిజాము ప్రభుత్వం సహాయ పనులు, అన్నార్తుల కేంద్రాలు ఏర్పాటు చేసింది. ఔరంగాబాదులో జరిగిన ఈ సహాయ కార్యక్రమాలను చిత్రాలు తీసే పని దీన్ దయాళ్ సంస్థకు లభించింది. ఆ సందర్భంగా తయారైన చిత్రాలలో ఎముకల గూళ్ళుగా మారిన స్త్రీ పురుషులు, పిల్లలు కెమెరా ఎదుట వరుసగా కనిపిస్తారు. ఒక ప్రసిద్ధ చిత్రానికి కృశించిన శరీరాల రకాలు అనే అర్థమిచ్చే ఆంగ్ల శీర్షిక పెట్టారు. మనుషులను వస్తువుల వలె రకాలుగా విభజించి చూపే ఈ శీర్షిక నేటి పాఠకుని కలవరపరుస్తుంది.

ఇటువంటి చిత్రాలు భారతదేశంలో ఇవే మొదటివి కావు. 1876-78లో మద్రాసు రాజధానిలో సంభవించిన మహా కరువును విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి చిత్రాలు తీశాడు. ఆకలితో ఉన్నవారికి సాయపడక చిత్రాలు తీసినందుకు ఆయన విమర్శలకు గురయ్యాడు. ఔరంగాబాదు చిత్రాల నేపథ్యం కొంత భిన్నమైనది. ఇవి ప్రభుత్వం చేసిన సహాయానికి ఆధారాలుగా, ప్రభుత్వమే తీయించినవి. సహాయం జరిగినదని చూపడం వీటి లక్ష్యం. అయినప్పటికీ ఆ సహాయం ఎంతటి దుర్భర స్థితిలో ఉన్నవారికి అందవలసి వచ్చినదో కూడా ఈ చిత్రాలే చెబుతాయి. తీయించినవారు ఉద్దేశించిన దానికంటే ఎక్కువ విషయాన్ని ఇవి భద్రపరచాయి.

విందు చిత్రాలను, కరువు చిత్రాలను ప్రక్క ప్రక్కన ఉంచి చూసినపుడు ఒక సామ్యం కనిపిస్తుంది. రెండింటిలోను అమరిక ఉన్నది. రెండింటిలోను చిత్రంలో ఏమి కనిపించాలో నిర్ణయించినది డబ్బు చెల్లించిన పోషకుడు. బల్ల చుట్టూ కుర్చీలను వరుసగా పేర్చినట్లే, ఆకలిగొన్న మనుషులను కూడా వరుసగా నిలిపారు. బల్ల చిత్రంలో తినేవారు లేరు. కరువు చిత్రంలో మనుషులే ఉన్నారు, వారి పేర్లు లేవు. రాజభవనపు అతిథుల పేర్లు ఆల్బంలలో నమోదయ్యాయి. ఔరంగాబాదులో నిలబడినవారు ఎవరో ఎవరూ వ్రాసి ఉంచలేదు.

దీనికి దీన్ దయాళ్‌ను ఒక్కడినే బాధ్యునిగా భావించడం సరికాదు. ఆ కాలపు ఛాయాచిత్రకారులందరూ పోషకుల ఆదేశాల ప్రకారమే పనిచేశారు. గాజు పలకలు, రసాయనాలు, కాగితం, పనివారి జీతాలు అన్నీ ఖర్చుతో కూడినవి. పోషకుడు లేనిదే ఇంతటి సంస్థ నిలవదు. అయితే ఈ చిత్రాలను చరిత్రకు ఆధారంగా వాడుకొనేవారు, ఇవి ఎవరు ఎందుకు తీయించారు అనే ప్రశ్నను మరువరాదు.

బొంబాయి స్టూడియో, ఇతర గౌరవాలు

1893లో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దీన్ దయాళ్ చిత్రాలు ప్రదర్శితమై పతకం పొందాయి. స్వామి వివేకానంద ప్రసంగించిన సర్వమత సమ్మేళనం ఈ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే. 1896లో బొంబాయిలో ఈయన స్టూడియో ప్రారంభమైంది. ఆనాడు దేశంలోని పెద్ద స్టూడియోలలో ఒకటిగా దీనికి పేరు ఉండేది. 1897లో విక్టోరియా మహారాణికి ఛాయాచిత్రకారుడిగా నియామకం లభించింది. 1903లో జరిగిన ఢిల్లీ దర్బారును ఈయన సంస్థ చిత్రాలు తీసింది.

ఇంత విస్తృతమైన పని ఒక్క వ్యక్తి వలన కాదు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రికి తోడుగా పనిచేశారు. రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అనే పేరు ఇందువలననే ఏర్పడింది. నెగటివ్‌లు కడిగేవారు, కాగితంపై ముద్రించేవారు, చిత్రాలను సరిదిద్దేవారు, అట్టలపై అతికేవారు వంటి పనివారు అనేకులు స్టూడియోలలో ఉండేవారు. కనుక ఈ సంస్థ ముద్ర ఉన్న ప్రతి చిత్రాన్ని దీన్ దయాళ్ స్వయంగా తీశాడని భావించరాదు. 1890ల తరువాతి చిత్రాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. కరువు చిత్రాలను కూడా సంస్థ చిత్రాలుగానే పేర్కొనడం ఉచితం.

చివరి రోజులు

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి సంవత్సరం, 1905 జూలై 5న దీన్ దయాళ్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 61 సంవత్సరాలు. తరువాత జ్ఞాన్‌చంద్ సంస్థను కొనసాగించాడు. అయితే కాలం మారింది. చేతిలో ఇమిడే చిన్న కెమెరాలు, ఫిల్ము చుట్టలు వచ్చాయి. ధనవంతులు తమ చిత్రాలు తామే తీసుకోసాగారు. పెద్ద గాజు పలకలతో ఆల్బంలు తయారుచేసే స్టూడియోల ప్రాభవం క్రమంగా తగ్గింది.

భద్రపరచిన చిత్రాలు

దీన్ దయాళ్ సంస్థ నెగటివ్‌లకు వరుస సంఖ్యలు వేసే పద్ధతి పాటించింది. అనేక చిత్రాలలో ఈ సంఖ్యలు కనిపిస్తాయి. చిత్రాల కాలక్రమాన్ని నిర్ణయించడానికి పరిశోధకులకు ఇవి ఎంతగానో ఉపయోగపడుతున్నాయి. గాజు నెగటివ్‌లు బరువైనవి, సులభంగా పగిలిపోయేవి. తేమ, వేడి వలన వాటిపై పూత లేచిపోతుంది. అయినప్పటికీ కుటుంబీకులు వీటిలో గణనీయమైన భాగాన్ని దశాబ్దాల పాటు కాపాడారు.

న్యూఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో ఈ కుటుంబం నుండి 2,857 గాజు నెగటివ్‌లను సేకరించింది. ఈయన చిత్రాల సేకరణలలో ఇది అతి పెద్దదిగా పేరుపొందింది. ఢిల్లీలోని అల్కాజీ సేకరణ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ, కెనడాలోని రాయల్ ఒంటారియో మ్యూజియం, అమెరికాలోని పీబడీ ఎసెక్స్ మ్యూజియంలలో కూడా దీన్ దయాళ్ చిత్రాలు ఉన్నాయి. 2006లో హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో ఈయన చిత్రాల ప్రదర్శన జరిగింది. అదే సంవత్సరం నవంబరులో భారత తపాలా శాఖ ఈయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2010లో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం ఈయన కృషిపై ఒక పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. దీపాలి దేవన్, డెబొరా హట్టన్ అనే పరిశోధకులు ఈయన జీవితంపై వ్రాసిన సమగ్ర గ్రంథం 2013లో వెలువడింది.

ప్రాముఖ్యత

ఛాయాగ్రహణం భారతదేశానికి వచ్చిన తొలి దశాబ్దాలలో ఈ రంగంలో శామ్యూల్ బోర్న్ వంటి ఐరోపావారు పేరుపొందారు. వారితో సమానంగా నిలిచి, దేశ విదేశాలలో గుర్తింపు పొందిన భారతీయుడిగా దీన్ దయాళ్‌కు చరిత్రలో స్థానం ఉన్నది. హైదరాబాదు నగరానికి సంబంధించినంతవరకు ఆయన చిత్రాలు మరింత విలువైనవి. ఇప్పుడు లేని భవనాలు, మారిపోయిన వీధులు, మరుగున పడిన ఆచారాలు వాటిలో కనిపిస్తాయి.

నేడు చరవాణిలోని కెమెరాతో ఎవరైనా తమ పళ్ళెములోని భోజనాన్ని క్షణంలో చిత్రం తీయగలరు. రంగులు ఉన్నవి ఉన్నట్లు పడతాయి. దీన్ దయాళ్ కాలంలో భోజనం చిత్రంలోకి ఎక్కాలంటే పోషకుడు ఉండాలి, బల్ల సిద్ధం కావాలి, వెలుతురు అనుకూలించాలి, అందరూ కదలకుండా ఉండాలి. అందుచేతనే ఆనాటి సామాన్యుల ఇళ్ళలోని జొన్నరొట్టె, గటక, అంబలి ఆ ఆల్బంలలో చోటు చేసుకోలేదు. సామాన్య ప్రజలు ఆహారం ప్రసక్తితో ఆస్థానపు కెమెరా ముందుకు వచ్చినది ఆ ఆహారం కరువైన సమయంలోనే. దీన్ దయాళ్ చిత్రాలను చదివే విద్యార్థి ఫలక్‌నుమా వైభవంతోపాటు ఔరంగాబాదు చిత్రాలను కూడా తప్పక చూడవలసి ఉంటుంది. రెండూ కలిసినపుడే ఆనాటి హైదరాబాదు సంస్థానపు చిత్రం పూర్తవుతుంది.